ఐదో అంతస్తు లిఫ్టు తలుపు

లిఫ్టులకు బుద్ధి చెప్పే కంపెనీ అది. బుద్ధి అంటే మరేం లేదు, ఎప్పుడు కదలాలి, ఎక్కడ ఆగాలి, తలుపు ఎంతసేపు తెరిచి ఉంచాలి అన్న సంగతులన్నీ కోడుగా రాసి లిఫ్టుల బుర్రల్లోకి పంపిస్తారు. నాలుగు వేల పైచిలుకు లిఫ్టులు ఆ కోడు మీదే కిందికీ మీదికీ తిరుగుతున్నాయి. అరవైమంది ఇంజినీర్లు రాసే ఆ కోడులో ఎవరు ఏ చిన్న మార్పు చేయాలన్నా ముందు ప్రతిపాదన పెట్టాలి. ఆ ప్రతిపాదనను ఒక యంత్రం తెచ్చుకుని, అసలు కోడుతో కలిపి, ల్యాబులో ఉన్న నిజం లిఫ్టు మీద నడిపి చూస్తుంది. సవ్యంగా ఉంటే పచ్చదీపం, లేకపోతే ఎర్రదీపం. ఇలా కలిపి చూడడాన్ని ఇంజినీర్లు బిల్డు అంటారు, అందుకే ఆ యంత్రం బాగోగులు చూసే ఆవిడను ఆఫీసులో అందరూ బిల్డమ్మ అంటారు. ఆ పేరు పెట్టిన మొదటి ఏడాది ఆవిడ కోప్పడింది, రెండో ఏడాది ఊరుకుంది, మూడో ఏడాది నుంచి ఫోనెత్తి తనే "బిల్డమ్మను మాట్లాడుతున్నా" అంటోంది.

ఒక్కో ప్రతిపాదన సంగతి తేల్చడానికి యంత్రానికి యాభై రెండు నిమిషాలు పట్టేది. అందులో అసలు పరీక్ష పదకొండు నిమిషాలే. మిగతా నలభై ఒక్క నిమిషాలూ కోడు తెచ్చుకోవడానికే సరిపోయేవి.

కోడు దాచి ఉంచిన చోట పందొమ్మిదేళ్ల చరిత్ర ఉంది. ఏ రోజు ఎవరు ఏ అక్షరం మార్చారో, ఎందుకు మార్చారో, పదకొండు వేల తొమ్మిది వందల చిల్లర మార్పులు వరసగా పడి ఉన్నాయి. ఏ ప్రతిపాదన చూడాలన్నా యంత్రం ముందు ఈ చరిత్రంతా మోసుకొచ్చుకునేది. అందులో పద్నాలుగేళ్ల కిందట ఎవరో మహానుభావుడు పొరపాటున కోడుతోపాటు పెట్టేసిన కంపెనీ వార్షికోత్సవం వీడియో ఒకటి ఉంది. ఆయన మర్నాడే నాలుక్కరుచుకుని తీసేశాడు. కానీ చరిత్ర అన్నాక పెట్టిందీ ఉంటుంది, తీసేసిందీ ఉంటుంది. అంచేత ఎవరు ఒక్క కామా మార్చినా యంత్రం ఆ వీడియో దించుకోవలసిందే. అందులో ఇప్పటి మేనేజరు, అంటే అప్పటి కొత్త ఇంజినీరు, మెడలో ఉండాల్సిన టై తలకు చుట్టుకుని డాన్సు చేస్తుంటాడు. రోజుకు పదిసార్లు దిగేది ఆ డాన్సు, చూసేవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

పదిసార్లే ఎందుకంటే, ల్యాబు లిఫ్టు చప్పుడు భరించలేకపోతున్నానని పై అంతస్తు పళ్ల డాక్టరు గొడవ పెట్టాడు. తన డ్రిల్లు చప్పుడు సంగతి మాత్రం ఆయన ఎత్తలేదు. చివరికి ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకే యంత్రం నడపాలని ఒప్పందం కుదిరింది. యంత్రం రోజుకు పది ప్రతిపాదనలు చూస్తే ఇంజినీర్లు పదిహేను పెట్టేవారు. క్యూ ఎంత పొడుగైందో వేరే చెప్పక్కర్లేదు. దీనికి తోడు ఒక నిబంధన. మీ వంతు వచ్చేలోగా అదే ఫైలులో ఇంకొకరి మార్పు చేరిపోతే, మీది మళ్లీ కొత్త కోడుతో కలిపి చూడాలి. అంటే మళ్లీ క్యూ చివర నిలబడాలి.

అలా నాలుగుసార్లు క్యూ చివరికి వెళ్లిన ప్రతిపాదన ఒకటుంది. నాలుగంటే నాలుగు లైన్ల మార్పు. బిల్డమ్మ ప్రాణమంతా దాని మీదే ఉంది, ఎందుకంటే దాన్ని పెట్టించింది తనే.

ఆవిడకు ఒక మేనత్త ఉంది. తల్లి పోయాక పెంచింది ఆ అత్తే. ఊరికి అవతలి కొసన ఒక బిల్డింగు ఐదో అంతస్తులో ఒక్కతే ఉంటుంది, కుట్టుమిషను పెట్టుకుని స్కూలు యూనిఫారాలు, కోట్లు కుడుతుంది. నోటి దురుసు మనిషి. కొలత తీసుకుంటూ ఎదుటివాళ్ల పొట్ట గురించి ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది, అయినా వాళ్లు మళ్లీ ఆమె దగ్గరికే వస్తారు. సాయంత్రం ఐదయ్యేసరికి కిందికి దిగి, ఎదురుగా ఉన్న గుండీల కొట్లో దారాలు ఏరుకుని, బిల్డింగు ముందు బెంచీ మీద ఇద్దరు స్నేహితురాళ్లతో లోకమంతటినీ ఉతికి ఆరేసి పైకి వచ్చేది. మోకాలు ఆపరేషనయ్యాక చేతికి వాకర్ వచ్చింది. ఆ వాకర్‌తో మొదటిసారి లిఫ్టు ఎక్కబోతుంటే తలుపు నాలుగు సెకన్లకే మూసుకుంటూ వచ్చి వాకర్‌ను కొట్టింది. అడ్డు ఉందో లేదో చూసే కిరణానికి ఆ సన్నటి గొట్టాలు అందలేదు. తగిలాక తలుపు తెరుచుకుంది కానీ, అప్పటికే అత్త అక్కడికక్కడే కూలబడిపోయింది. ఎముకలేవీ విరగలేదు. ఆ తర్వాత మూడు నెలలుగా గడప దాటలేదు.

లిఫ్టు పక్కన చక్రాల కుర్చీ బొమ్మతో ఒక పెద్ద బొత్తాం ఉంటుంది. నెమ్మదిగా నడిచేవాళ్లు అది నొక్కితే తలుపు ఎక్కువసేపు ఆగాలని దాని ఉద్దేశం. ఆ బొత్తాం ఏళ్ల తరబడి ఉంది, నొక్కితే దీపం కూడా వెలుగుతుంది. తలుపు మాత్రం మామూలుగానే మూసుకుంటుంది. దీపం వెలగడానికి కోడు రాసినవాళ్లు తలుపు ఆగడానికి రాయడం మర్చిపోయారు. దీపం వెలుగుతోంది కదా అని ఎవరూ అనుమానించలేదు.

బిల్డమ్మ ఈ సంగతి తలుపుల కోడు చూసే పెద్దాయనకు చెప్పింది. ఆయన్ని అందరూ తలుపులాయన అంటారు. ఆయన ముక్కున వేలేసుకుని, ఆ సాయంత్రమే బొత్తాం నొక్కితే తలుపు తొమ్మిది సెకన్లు ఆగేలా నాలుగు లైన్లు రాసి క్యూలో పెట్టాడు. ఆ నాలుగు లైన్లూ రెండు నెలలుగా క్యూలోనే ఉన్నాయి. ఈలోగా అత్తకు వ్యాయామం చేయించే డాక్టరు బిల్డమ్మను పక్కకు పిలిచి, గదిలో నాలుగడుగులు వేస్తే చాలదని, ఈ నెలాఖరులోగా బయట నడవకపోతే మోకాలు ఇలాగే బిగుసుకుపోతుందని, ఆ తర్వాత తను చేసేదేమీ ఉండదని చెప్పాడు.

ఒక ఆదివారం బిల్డమ్మ అత్త ఇంట్లో కూర్చుని తన యంత్రం గోడు వెళ్లబోసుకుంది. అత్త ఒక కోటుకు గుండీ కుడుతూ సగం విని, సగం వదిలేసి, సూది నోట్లో పెట్టుకునే అడిగింది.

"ఒక్క గుండీ కుట్టడానికి బీరువాలో బట్టలన్నీ దించుతారటే?"

"అలాగే చేస్తున్నాం అత్తా."

"జీతాలిచ్చి మరీ చేయిస్తున్నారా?"

సోమవారం బిల్డమ్మ మేనేజరు గదికి వెళ్లింది. యంత్రానికి చరిత్రతో పనేమీ లేదని, ఇవాళ్టి కోడు, దానిమీద పెట్టిన ప్రతిపాదన, ఈ రెండూ కలిపితే వచ్చే ఒక్క ప్రతి తెచ్చుకుంటే చాలని వివరించింది. మేనేజరు అంతా విని ఒక్కటే అడిగాడు.

"చరిత్ర తేకపోతే ఏమైనా అవుతుందా?"

"ఏమీ కాదు సార్."

మీటింగు వివరాల్లో ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకున్నారు.

బిల్డమ్మ ఒక్క లైను మార్చింది. నలభై ఒక్క నిమిషాలు కాస్తా ముప్పై ఎనిమిది సెకన్లయ్యాయి. ఇంజినీర్లు ముందు నమ్మలేదు, యంత్రం చెడిపోయిందనుకుని ఫోన్లు చేశారు. నిజమేనని తేలాక బిల్డమ్మను నెత్తిన పెట్టుకున్నారు. అంతవరకూ ప్రతిపాదన పెట్టి టీకి వెళ్లి, టీ నుంచి భోజనానికి వెళ్లే అలవాటున్న కొందరు మాత్రం లోలోపల నొచ్చుకున్నారు. మూడు రోజుల్లో క్యూ ఖాళీ అయింది. తలుపులాయన నాలుగు లైన్లకూ పచ్చదీపం వచ్చింది. వచ్చే మంగళవారం లిఫ్టులన్నింటికీ వెళ్లే కొత్త కోడులో అవీ చేరాయి.

మంగళవారం సాయంత్రం ఐదున్నరకు బిల్డమ్మ అత్తకు ఫోను చేసింది.

"అత్తా, దిగావా? తలుపు ఆగుతోందా?"

"ఆగకేం. బ్రహ్మాండంగా ఆగుతోంది. బొత్తాం నొక్కాను, ఆగింది, ఎక్కాను, దిగాను. ఇంకేం కావాలి నీకు?"

బిల్డమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆఫీసులో అందరూ చూస్తున్నారని స్క్రీను వైపు తిరిగి కూర్చుంది. మర్నాడు మళ్లీ ఫోను చేస్తే అత్త గుండీల కొట్లోకి కొత్త డబ్బాలు వచ్చాయని చెప్పింది. ఆ మర్నాడు బెంచీకి ఎవరో ఆకుపచ్చ రంగు వేశారంది. ఆదివారం వస్తానంటే వద్దంది. స్నేహితురాళ్లతో కలిసి పార్కు దాకా నడుస్తుందట, అసలు తీరికే లేదట. అత్తకు తీరిక లేదన్న మాట విని బిల్డమ్మ ఆ రోజంతా ఇంట్లో పాటలు పాడుకుంటూ తిరిగింది.

కొత్త కోడు ఎలా పనిచేస్తోందో వారం తిరిగేసరికి రిపోర్టు రాయాలి. ఫిర్యాదులు: ఏమీ లేవు. కొత్త సమస్యలు: ఏమీ లేవు. బయటి నుంచి వచ్చిన స్పందన అన్న గడి ఎప్పుడూ ఖాళీగా పోయేది, ఈసారి బిల్డమ్మ అందులో అత్త మాటలు రాసింది. మేనేజరు వాటిని పైవాళ్ల మీటింగులో చదివి వినిపించాడు. ఇంత నిశ్శబ్దంగా ఏ కోడూ ఇంతవరకు బయటికి వెళ్లలేదని అందరూ మెచ్చుకున్నారు.

పదో రోజు, అంటే గురువారం, లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు ఒకాయన ఏదో సామాను కోసం ఆఫీసుకు వచ్చి, బిల్డమ్మ టేబులు దగ్గర ఆగాడు.

"మేడమ్, కొత్తది ఎప్పుడు పంపిస్తున్నారు?"

"పంపించి పది రోజులైందిగా."

"నాకైతే ఎక్కడా కనపళ్లేదండి. ఈ వారం ముప్పై లిఫ్టులు తెరిచి చూశాను. అన్నింట్లోనూ పాత నంబరే ఉంది."

బిల్డమ్మ నవ్వింది. నవ్వుతూనే పంపించిన ప్యాకెట్టు తెరిచి నంబరు చూసింది. అక్కడ ఒకటి అని ఉంది. నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో ఆవిడకే తెలియలేదు.

కోడుకు నంబరు ఎవరూ చేత్తో వెయ్యరు. చరిత్రలో ఎన్ని మార్పులున్నాయో యంత్రమే లెక్కపెట్టి ఆ అంకె వేస్తుంది. ఈ ఏర్పాటు పందొమ్మిదేళ్లుగా ఎంత చక్కగా నడిచిందంటే, అలాంటి ఏర్పాటు ఒకటుందనే అందరూ మర్చిపోయారు. ఇప్పుడు యంత్రం చరిత్ర తేవడం మానేసింది. దాని దగ్గర ఒకే ఒక్క ప్రతి ఉంది. లెక్కపెడితే ఒకటి వచ్చింది, ఒకటి వేసింది. నాలుగు వేల లిఫ్టుల తలుపు తట్టి కొత్త కోడు తెచ్చామంటే, ప్రతి లిఫ్టూ తన దగ్గరున్న పదకొండు వేల తొమ్మిది వందల పన్నెండు వైపోసారి, వచ్చిన ఒకటి వైపోసారి చూసుకుని, ఇదేదో పాత సరుకని కిమ్మనకుండా పక్కన పెట్టేసింది. పాతది వస్తే ఫిర్యాదు చేయకుండా ఊరుకోవాలని వాటికి నేర్పింది కూడా ఈ కంపెనీయే. ల్యాబు లిఫ్టుకైతే ప్రతి పరీక్షకూ ముందు జ్ఞాపకం తుడిచేస్తారు కాబట్టి దానికి ఏ నంబరైనా కొత్తే.

బిల్డమ్మకు ముందు ఉద్యోగం గుర్తొచ్చింది. ఆ తర్వాత అత్త గుర్తొచ్చింది. వరస అలా ఉన్నందుకు తర్వాత చాలా సిగ్గుపడింది.

ఏ లిఫ్టులోనూ కొత్త కోడు లేదు. అత్త బిల్డింగు లిఫ్టులోనూ లేదు. ఆ తలుపు ఇప్పటికీ నాలుగు సెకన్లకే మూసుకుంటోంది. మరి అత్త ఎలా దిగింది? గుండీల డబ్బాలు, ఆకుపచ్చ బెంచీ, పార్కు? నెలాఖరుకు ఇంకా తొమ్మిది రోజులే ఉంది. బిల్డమ్మ ఫోను చేతిలోకి తీసుకుని, నంబరు నొక్కకుండానే కింద పెట్టేసింది. ఫోనులో అడిగితే మళ్లీ బ్రహ్మాండమనే అంటుందని తెలుసు.

మేనేజరుకు చెప్పక తప్పలేదు. ఆయన గదిలో నిలబడి, నీళ్లు నమలకుండా, ఒకటో నంబరు సంగతంతా చెప్పేసింది. ఆయన పాత మీటింగు వివరాల కాగితం తీసి ఒక లైను మీద వేలు పెట్టాడు.

"ఏమీ కాదన్నారు."

"అన్నాను సార్. తప్పు నాదే."

"మరి మీ అత్తగారు ఆగుతోందన్నారుగా?"

"అబద్ధం చెప్పింది సార్."

"నేను దాన్ని పైవాళ్లకి చదివి వినిపించాను."

"తెలుసు సార్."

"రెండుసార్లు చదవమన్నారు" అన్నాడు మేనేజరు. ఆ తర్వాత ఆయన కోప్పడలేదు. శుక్రవారం లోపల సరిచేయమని మాత్రం చెప్పాడు.

సరిచేయడమంటే మళ్లీ నలభై ఒక్క నిమిషాల దగ్గరికి వెళ్లిపోవడం తేలిక. ఆ లైను తీసేస్తే అయిపోతుంది. కానీ అప్పుడు మళ్లీ క్యూ పెరుగుతుంది, తర్వాతి తలుపు ఇంకో రెండు నెలలు ఆగుతుంది. బిల్డమ్మ ఆ గురువారం రాత్రి దాకా కుర్చీలోంచి లేవకుండా ఆలోచించింది. అత్త దగ్గర ముప్పై ఏళ్ల కొలతల పుస్తకముంది. ఎవరికి ఎప్పుడు ఏం కుట్టిందో అందులో వరసగా ఉంటుంది, కుట్టిన బట్టలు మాత్రం ఎవరివి వాళ్లు పట్టుకెళ్లిపోయారు. యంత్రానికి కావలసింది ఆ పుస్తకమే, బట్టలు కావు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారన్న జాబితా మొత్తం తెచ్చుకుని, మార్చిన సరుకు మాత్రం ఇవాళ్టిది ఒక్కటే తెచ్చుకునేలా రాసింది. వీడియో పెట్టారు, తీసేశారు అన్న రెండు లైన్లు వస్తాయి, డాన్సు రాదు. అలా తెస్తే యాభై సెకన్లు పట్టింది. లెక్క సరిపోయింది. నంబరు లేకుండా గానీ, పాతదానికంటే చిన్న నంబరుతో గానీ ఏదైనా బయలుదేరితే ఎర్రదీపం వెలిగేలా ఒక పరీక్ష కూడా చేర్చింది. శుక్రవారం మధ్యాహ్నం పదకొండు వేల తొమ్మిది వందల యాభై ఎనిమిదో నంబరు బయలుదేరింది. ఈసారి లిఫ్టులు ఒక్కొక్కటే తీసుకున్నామని కబురు పంపుతుంటే ఆవిడ అత్త బిల్డింగు పేరు వచ్చేదాకా స్క్రీను ముందే కూర్చుంది. వచ్చాక ఇంటికి వెళ్లింది.

శనివారం పొద్దున్న పది గంటలకు, చెప్పాపెట్టకుండా, ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని అత్త ఇంటికి వచ్చింది. వస్తూ చూసింది. బిల్డింగు ముందు బెంచీ ఆకుపచ్చగానే ఉంది. ఐదో అంతస్తు కిటికీలోంచి అది బాగానే కనిపిస్తుంది.

అత్త మిషను ముందు కూర్చుని ఉంది. గుమ్మం పక్కన ఆమె చెప్పుల మీద వేలితో పేరు రాయగలిగినంత దుమ్ముంది. బిల్డమ్మ ఆ చెప్పులు తీసి, తన చేతిరుమాలుతో తుడిచి, అత్త కాళ్ల దగ్గర పెట్టింది.

"పద అత్తా, కిందికి వెళ్దాం."

"ఇప్పుడా? ఇందాకే కదా వెళ్లొచ్చాను."

"ఇంకోసారి వెళ్దాం."

అత్త ఆమె మొహంలోకి ఒకసారి చూసి చెప్పులు వేసుకుంది. బయట లిఫ్టు దగ్గరికి రావడానికే చాలాసేపు పట్టింది. వాకర్ ముందుకు జరుపుతుంది, ఆగుతుంది, మంచి కాలు వేస్తుంది, ఆగుతుంది, ఆపరేషనైన కాలు ఈడుస్తుంది. ఆ కాలు నెల కిందటి కంటే బిగుసుకుపోయి ఉందని బిల్డమ్మకు డాక్టరు చెప్పకుండానే తెలిసింది. పది రోజుల కిందటే తను ఆ నంబరు చూసి ఉంటే ఆ పది రోజులూ అత్తకు మిగిలేవి.

పెద్ద బొత్తాం నొక్కింది. లిఫ్టు వచ్చింది, తలుపు తెరుచుకుంది. నాలుగు సెకన్లు దాటాయి, తలుపు కదల్లేదు. ఐదు, ఆరు, ఏడు. బిల్డమ్మ గుండె కుదుటపడింది. అత్త వాకర్ ముందు కాళ్లు గడప మీద పెట్టి, ఆ సన్నటి సందు దాటించడానికి ఆగింది. ఎనిమిది, తొమ్మిది. తలుపు మూసుకోవడం మొదలుపెట్టింది. బిల్డమ్మ ఎగిరి చేయి అడ్డం పెట్టింది. అత్త వాకర్‌ను వెనక్కి లాగేసుకుని గోడకు ఆనుకుంది. ఆమె మొహం తెల్లగుడ్డలా పాలిపోయింది.

తొమ్మిది ఎక్కడిదని బిల్డమ్మ అప్పుడు ఆలోచించింది. తలుపులాయన ల్యాబులో వాకర్ పట్టుకుని తనే నడిచి చూశాడు. ఆయనకు ఏడు సెకన్లు పట్టింది. దయగల మనిషి కాబట్టి ఇంకో రెండు కలిపాడు. రెండు మోకాళ్లూ బాగున్న మనిషి నడిచిన ఆ తొమ్మిది సెకన్లకే ఇన్ని దీపాలూ పచ్చగా వెలిగాయి.

"ఇంకొక్కసారి అత్తా. తలుపు నేను పట్టుకుంటాను. నువ్వు నీ తీరున నడువు."

బిల్డమ్మ ఒక భుజంతో తలుపును ఆపి, ఫోనులో సెకన్లు చూసింది. అత్త లోపలికి చేరడానికి పదమూడు పట్టింది. ఆమెను మళ్లీ బయటికి తెచ్చి, ఇంట్లోంచి రెండు స్టూళ్లు తెచ్చి, లిఫ్టు ఎదురుగా వేసింది. ఇద్దరూ కూర్చున్నారు. బిల్డమ్మ ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని తలుపుల ఫైలు తెరిచి, తొమ్మిది తీసేసి పదిహేను వేసింది. ఈ మార్పు ఎందుకు అన్న గడిలో "మా అత్తకు పదమూడు సెకన్లు పడుతుంది" అని రాసింది.

అత్త కళ్లజోడు సవరించుకుని చదివింది.

"పన్నెండని రాయి."

"ఎందుకు?"

"నలుగురూ చూస్తారు కదే. ఎన్నాళ్లుంటుంది అది అక్కడ?"

"ఎప్పటికీ ఉంటుంది."

"అయితే పన్నెండని రాయి."

బిల్డమ్మ పదమూడునే ఉంచి ప్రతిపాదన పంపింది. శనివారం కాబట్టి క్యూలో ఇంకెవరూ లేరు. యంత్రం వెంటనే పని మొదలుపెట్టింది.

"ఎంతసేపు?" అంది అత్త.

"పన్నెండు నిమిషాలు."

మూడో అంతస్తులో ఎవరో ఎక్కారు, దిగారు. అత్త వాకర్ మీద అంటుకున్న దారప్పోగులు ఒక్కొక్కటే ఏరుతూ, ఎవరికో చెబుతున్నట్టు అంది.

"ఒక్కసారీ దిగలేదే."

"తెలుసు అత్తా."

"బొత్తాం దాకా కూడా రాలేదు. నువ్వు ఫోను చేసినప్పుడు నీ గొంతు విన్నాను. అంత సంబరంగా అడుగుతుంటే భయమేస్తోందని ఎలా చెప్పను? పోనీ రేపు దిగి నిజం చేద్దాం అనుకున్నాను. రేపు కూడా దిగలేదు. ఇంక అబద్ధానికి అబద్ధం అతుకేసుకుంటూ పోయాను."

"పార్కు కూడా అతుకేనా?"

"పార్కు కొంచెం ఎక్కువైందిలే" అంది అత్త.

బిల్డమ్మకు ఏడుపొచ్చింది. ఈసారి మొహం తిప్పుకోవడానికి స్క్రీను చాల్లేదు, ఏడ్చేసింది. ఆ రోజు దిగి ఉంటే తలుపు మళ్లీ కొట్టేదని, తను పంపిందేదీ ఆ లిఫ్టుకు చేరనే లేదని, తప్పు తనదేనని చెప్పింది. అత్త మొత్తం విని, చీర కొంగుతో ఆమె మొహం తుడిచింది.

"అంటే భయపడి మంచిపనే చేశానన్నమాట."

"ఈసారికి."

పన్నెండో నిమిషంలో పచ్చదీపం వచ్చింది. ఇక తలుపులాయన చదివి ఒప్పుకుంటే అత్త బిల్డింగు లిఫ్టు ఒక్కదానికి ట్రయల్‌గా పంపవచ్చు, ఇకమీదట ఏ కొత్త కోడునైనా ముందు ఒక్క లిఫ్టులో పెట్టి చూడాలని మేనేజరు నిన్ననే సంతకం పెట్టాడు. తలుపులాయన ఇంట్లో ఉన్నాడు. ఫోను చేశాడు. మాట ఇవతలికి కూడా వినిపిస్తోంది.

"అమ్మా, పదమూడన్నారు. ఇది మీరు కొలిచారా, ఆవిడ చెప్పారా?"

"నేనే కొలిచాను సార్. ఇక్కడే కూర్చున్నాను."

"అయితే సరే. ఆవిడ చెప్పిందైతే ఒప్పుకోను." ఆయన మళ్లీ అన్నాడు. "అసలు నేనే వచ్చి ఆవిడను అడగాల్సిందమ్మా. నా కాళ్లతో కొలిచాను."

ఫోను పెట్టేశాక బిల్డమ్మ కొత్త కోడు పంపింది. లిఫ్టు పైనున్న అంకెల గడి ఒక నిమిషం ఖాళీగా ఉండి, మళ్లీ వెలిగింది. అత్త వాకర్ పట్టుకుని లేచి నిలబడింది.

"మీ ఆఫీసులో నా మాటకి విలువ పోయిందన్నమాట."

"పోయింది అత్తా."

"నీ దగ్గరో?"

"నా దగ్గరా పోయింది."

అత్త మూసి ఉన్న తలుపు వైపు చూస్తూ తలాడించింది.

"మంచిదే. నాకేం భయం లేదు. అది కూడా నమ్మకు. నీ చెయ్యిలా వాకర్ మీద వెయ్యి."

బిల్డమ్మ అత్త చేతి మీద తన చేయి వేసింది. రెండో చేత్తో పెద్ద బొత్తాం నొక్కింది. తలుపు తెరుచుకుంది. వాకర్ ముందుకు జరిగింది, ఆగింది, సందు దాటింది. ఇద్దరూ లోపలికి చేరేసరికి పదమూడు సెకన్లయ్యాయి. తలుపు వాళ్ల వెనక ఇంకో రెండు సెకన్లు తెరిచే ఉంది.